రాయపురం స్టేషన్ ఎలా మిగిలింది?

చెన్నైలో తెలుగువాళ్లు నలుగురు చేరి పాత చెన్నపట్నం ముచ్చట్లలో పడితే, ఎప్పుడో ఒకప్పుడు రాయపురం రైల్వే స్టేషన్ ప్రస్తావన వస్తుంది. ఆ వెంటనే వాదన కూడా మొదలవుతుంది. దేశంలో మొదటి స్టేషన్ ఇదేనని ఒకరంటారు. మొదటి రైలు బొంబాయిలో నడిస్తే మొదటి స్టేషన్ ఇక్కడెలా ఉంటుందని మరొకరు అడ్డు తగులుతారు. అసలు బొంబాయికంటే ముందే మద్రాసులో పట్టాలు పడ్డాయని ఇంకొకరు పట్టుబడతారు. ముగ్గురి మాటల్లోనూ నిజం ఉంది. మూడూ మూడు వేర్వేరు సంగతులకు చెందినవి, వాటిని కలిపి ఒకే ముద్దగా చేయడం వల్లే చిక్కు. ఈ చిక్కు విప్పుతూ పోతే రాయపురం గొప్పతనం మనం అనుకునే చోట కాక ఇంకో చోట ఉందని తెలుస్తుంది.

ఏది మొదటిది?

మద్రాసులో అందరికంటే ముందు పట్టాలు పడిన మాట వాస్తవం. నగరానికి వాయవ్యాన ఉన్న రెడ్ హిల్స్ నుంచి చింతాద్రిపేట వైపు రోడ్ల పనికి రాయి తరలించడానికి 1837లో ఒక చిన్న రైలు మార్గం నడిచింది. ఆ పని వెనుక ఉన్న ఇంజనీర్లలో ఆర్థర్ కాటన్ ఒకరు. గోదావరి జిల్లాల్లో ఊరూరా విగ్రహాలున్న, ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన ఆ కాటనే. అయితే అది సరకు బండి. టికెట్టు కొనుక్కుని మనుషులు ఎక్కే రైలు కాదు. పని అయిపోయాక దాని ఆనవాళ్లు కూడా మిగల్లేదు.

జనం ఎక్కే రైలు లెక్క వేరు. 1853 ఏప్రిల్ 16న బొంబాయి బోరీబందర్ నుంచి ఠాణే వరకు దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడిచింది. మరుసటి ఏడాది ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి రెండోది. మద్రాసు వంతు మూడోది. 1856 జులై 1న రాయపురం నుంచి పడమరగా దాదాపు 100 కిలోమీటర్ల దూరంలోని ఆర్కాటు స్టేషన్ వరకు రైలు నడిచింది. దక్షిణ భారతంలో ప్రయాణికుల రైలు అదే మొదలు. అప్పటి గవర్నర్ లార్డ్ హారిస్. అంతవరకు గుర్రపు బండ్లు తయారుచేస్తూ వచ్చిన మద్రాసు సింప్సన్ సంస్థ ఆ రైలుకు పెట్టెలు కట్టి ఇచ్చింది.

ఆర్కాటు అనగానే పాలారు దక్షిణపు గట్టున ఉన్న నవాబుల ఊరు గుర్తుకొస్తుంది. రైలు అక్కడికి పోలేదు. ఏటికి ఉత్తరాన, ఊరికి ఎడంగా ఆగింది. ఆ స్టేషన్‌నే ఇవాళ వాలాజా రోడ్డు అంటున్నాం. ఒక చోట ఆర్కాటు అని, మరో చోట వాలాజా రోడ్డు అని చదివి రెండు వేర్వేరు రైళ్లేమోనని తికమకపడేవారు ఉంటారు. రెండూ ఒకటే.

మొదటి రైలు బొంబాయిదే, మొదటి పట్టాలు మద్రాసువే. మరి రాయపురానిది ఏమిటి? బోరీబందర్‌లో తొలి రైలు బయలుదేరిన కట్టడం ఈ రోజు లేదు. ఆ ప్రాంతంలోనే 1888 నాటికి పూర్తయిన విక్టోరియా టెర్మినస్ ఉంది. ఠాణేలో తొలినాటి స్టేషన్ పోయింది. హౌరాలో మొదట్లో ఉన్నవి రేకుల షెడ్లు, వాటి జాగాలో ఇరవయ్యో శతాబ్దపు పెద్ద భవనం లేచింది. రాయపురంలో మాత్రం 1856లో కట్టిన భవనం అలాగే ఉంది. దేశంలో ఈనాటికీ నిలిచి ఉన్న స్టేషన్ భవనాల్లో అన్నింటికంటే పాతది ఇదే. మొదటిది అన్న పేరు దానికి అక్కర్లేదు. చేతిలో ఉన్న బిరుదే అంతకంటే అరుదైనది.

ఇక్కడ నన్ను పట్టి లాగే ప్రశ్న మరొకటి ఉంది. బొంబాయి, హౌరా పోగొట్టుకున్నదాన్ని మద్రాసు ఎలా నిలుపుకోగలిగింది? మనవాళ్లకు పాత కట్టడాల మీద అప్పట్లోనే ప్రేమ ఉండి కాపాడారనుకుంటే పొరపాటు. దీనికి జవాబు సముద్రంలోనూ, నగరం పెరిగిన దిక్కులోనూ ఉంది.

ఓడరేవు లేని తీరం

1856లో మద్రాసుకు ఓడరేవు లేదు. ఇంత పెద్ద వర్తక నగరానికి రేవు లేదంటే ఇప్పుడు నమ్మబుద్ధి కాదు. ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసుకుని నిలిచేవి. అలల ఉధృతిని దాటి సరుకునూ మనుషులనూ ఒడ్డుకు చేర్చింది మసూలా పడవలు. వాటిలో మేకు అన్నది ఉండదు. పలకలను కొబ్బరి పీచు తాళ్లతో కుట్టేవారు. అల వచ్చి కొట్టినప్పుడు మేకులు దిగ్గొట్టిన పడవ పగిలిపోతుంది, కుట్టిన పడవ ఒళ్లు వంచి తట్టుకుంటుంది. ఆ పడవలు నడిపిన తీరవాసుల నైపుణ్యం మీదే రెండు శతాబ్దాల పైచిలుకు మద్రాసు వ్యాపారం నడిచింది.

ఆ ఒడ్డుకు ఆనుకునే వర్తకుల పేట ఉంది. అప్పట్లో బ్లాక్ టౌన్, తర్వాతి కాలంలో జార్జి టౌన్. కొత్వాల్ చావడి, కన్యకాపరమేశ్వరి గుడి, తెలుగు కోమట్లు, బేరి శెట్లు, బలిజ వర్తకులు, వారి గిడ్డంగులు అన్నీ ఆ వీధుల్లోనివే. దక్షిణాన కోట. ఉత్తరాన పేట దాటగానే రాయపురం. లోనాటి నుంచి పత్తి, తోళ్లు, నీలిమందు వచ్చి ఓడ ఎక్కాలంటే, ఓడ దిగిన సరుకు లోనాటికి పోవాలంటే, రైలు ముగిసే చోటు ఒడ్డుకు దగ్గరగా, వర్తకులకు అందుబాటులో, అదే సమయంలో పట్టాలకూ గిడ్డంగులకూ కావలసినంత ఖాళీ జాగా ఉన్నచోట ఉండాలి. 1850ల మద్రాసులో ఈ మూడూ కలిసిన చోటు రాయపురం. రైలు వేసిన మద్రాసు రైల్వే కంపెనీ వారి ఎంపికలో పెద్ద రహస్యమేమీ లేదు.

స్టేషన్ ముఖం చూస్తే ఆ కాలపు ధీమా కనిపిస్తుంది. విలియం అడెల్పీ ట్రేసీ గీసిన నమూనా ఇది. ఎత్తైన స్తంభాల వరుస, వాటి వెనుక వరండా, లోపల ఎత్తైన కప్పు. రైలంటే ఏమిటో తెలియని ఊళ్లో, రైలెక్కడం ఒక ఘనకార్యమని జనానికి చెప్పడానికి కట్టిన ముఖద్వారం అది. తర్వాతి కాలపు ఎగ్మూరు, సెంట్రల్ స్టేషన్లలో గుమ్మటాలు, గడియారపు గోపురాలు, ఎర్ర ఇటుక కనిపిస్తాయి. రాయపురంలో అవేవీ లేవు. గ్రీకు, రోమను పద్ధతిలో నిలువు గీతల పొందికే దాని అందం. దగ్గరికి వెళ్లి ఒక స్తంభాన్ని అడుగు నుంచి పైదాకా చూడండి. మనిషి తల వెనక్కి వాల్చక తప్పదు.

ఆనాటి తెలుగువారికి ఈ రైలు ఎంత పెద్ద మార్పో తెలియాలంటే పక్కనే ఉన్న తండయార్‌పేటకు వెళ్లాలి. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18 రాత్రి పట్నం విడిచి తండయార్‌పేటలోని తన తోటకు చేరి, అక్కడి నుంచి పరివారంతో కాశీకి బయలుదేరారు. పల్లకీలో, బోయీల భుజాల మీద, మజిలీ మజిలీకి వంటలు చేసుకుంటూ వెళ్లి 1831 సెప్టెంబరు 3కు తిరిగొచ్చారు. పదిహేను నెలల పైచిలుకు ప్రయాణం. ఆ తోటకు కూతవేటు దూరంలో, సరిగ్గా ఇరవై ఆరేళ్ల తర్వాత, ఎద్దుబండికి మూడు నాలుగు మజిలీల దారిని ఒక్క పూటలో దాటించే బండి కూత పెట్టింది. కాశీ దాకా రైలు వెళ్లడానికి ఇంకా సమయం పట్టినా, దూరాన్ని రోజుల్లో లెక్కపెట్టే అలవాటు గంటల్లోకి మారడం ఆ రోజే మొదలైంది.

ఎవరి సొమ్ము, ఎవరి దారి

రైలు కథలో పొగడ్తల మధ్య మరుగునపడే భాగం డబ్బు. మద్రాసు రైల్వే కంపెనీ లండన్‌లో వాటాలు అమ్మి పెట్టుబడి పోగుచేసింది. భూమి ఉచితంగా ఇచ్చింది ఈస్టిండియా కంపెనీ. వాటాదారులకు దాదాపు 5 శాతం రాబడి తప్పక వస్తుందని పూచీ ఇచ్చిందీ అదే. రైలుకు లాభం వస్తే సరేసరి. రాకపోతే ఆ లోటును ఇక్కడి ఖజానా పూడ్చాలి. ఖజానా అంటే ప్రధానంగా రైతు కట్టిన శిస్తు. ఖర్చు తగ్గించుకోవలసిన అవసరం కంపెనీకి లేకుండా చేసిన ఏర్పాటు ఇది. దేశమంతటా తొలినాటి రైళ్లన్నీ ఈ పద్ధతిలోనే వేశారు.

ఆ శిస్తు ఎలా వసూలయ్యేదో లోకానికి తెలియజెప్పినవారిలో ముందున్నది కూడా మద్రాసు తెలుగువాడే. వర్తకుడు గాజుల లక్ష్మీనర్సు శెట్టి 1852లో మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించి, పన్నుల భారం గురించీ, వసూళ్లలో రైతులను పెడుతున్న చిత్రహింసల గురించీ బ్రిటిష్ పార్లమెంటుకు విన్నపం పంపారు. దాని ఒత్తిడితో విచారణ సంఘం ఏర్పడి, హింస నిజమేనని 1855లో నివేదిక ఇచ్చింది. మరుసటి ఏడాదే రాయపురంలో ప్రారంభోత్సవం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చదవకపోతే మనం ఆ స్తంభాల అందాన్ని మాత్రమే చూసి వచ్చేస్తాం. వాటి కింద ఎవరి చెమట ఉందో తెలిసి చూస్తే ఆ భవనం విలువ నా దృష్టిలో ఇంకా పెరుగుతుంది.

ఇదే రోజుల్లో కాటన్ పూర్తిగా వేరే పాట పాడారు. రైళ్లకు పోసే డబ్బు కాలువలకు పెడితే పొలాలకు నీరూ వస్తుంది, సరుకూ చవకగా కదులుతుందని ఆయన పట్టుదల. గోదావరి ఆనకట్ట 1852లో పూర్తయి, దాని ఫలితం అప్పటికే కళ్లముందు కనబడుతోంది. అయినా ప్రభుత్వం రైలు వైపే మొగ్గింది. సైన్యాన్ని త్వరగా తరలించడం, పత్తిని త్వరగా ఓడకెక్కించడం వారికి ముఖ్యం.

రైలు ఏ దిక్కుకు వెళ్లిందో గమనించండి. మద్రాసు రైల్వే మొదటి గురి పడమటి తీరం. ఆర్కాటు నుంచి జోలార్‌పేట, సేలం మీదుగా 1862 నాటికి మలబారు తీరంలోని బేపూరుకు చేరింది. 1864లో జోలార్‌పేట నుంచి బెంగుళూరు దండుకు (కంటోన్మెంటుకు) శాఖ వేశారు. తెలుగు నేలకు వచ్చింది రెండో పెద్ద మార్గం. అరక్కోణం దగ్గర చీలి, రేణిగుంట, కడప, గుత్తి, ఆదోని మీదుగా 1871లో రాయచూరు చేరి బొంబాయి వైపు నుంచి వచ్చిన పట్టాలను కలిసింది. రాయలసీమ మద్రాసుకు ఇలా దగ్గరైంది. కోస్తా మాత్రం ఇంకా చాలాకాలం ఆగాల్సి వచ్చింది. తీరం వెంట మద్రాసు, గూడూరు, నెల్లూరు, బెజవాడ ఒకే వరుసలో కలిసింది 1899లో. రాయపురంలో రైలు కూసిన నలభై మూడేళ్లకు!

అంతవరకు కోస్తా తెలుగువారికి దారి బకింగ్‌హాం కాలువ. మద్రాసు నుంచి ఎన్నూరుకు 1800ల తొలి దశాబ్దంలో తవ్విన కాలువే ఉత్తరంగా పెరుగుతూ ఇప్పటి బాపట్ల జిల్లాలోని పెదగంజాం దాకా పోయి, అక్కడ కృష్ణా కాలువలతో కలిసింది. శ్రీహరికోట అడవి నుంచి వంటచెరకు పడవల మీద పట్నానికి వచ్చేది. ఉప్పు, ధాన్యం అలాగే. రాయపురానికి పడమరగా బేసిన్ బ్రిడ్జి దగ్గర పట్టాలూ ఆ కాలువా ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. ఒకప్పుడు పోటీపడిన ఈ రెండు దారుల్లో ఒకటి ఇప్పుడు మురుగుతో నిండిపోయింది. అది చూస్తే నాకు మనసు కష్టమవుతుంది.

రైలు మంచిదా, కాలువ మంచిదా అన్న వాదన 1876లో చావుబతుకుల సమస్యగా మారింది. ధాత నామ సంవత్సరపు కరవు వచ్చింది. కడప, కర్నూలు, బళ్లారి, నెల్లూరు జిల్లాలు విలవిల్లాడాయి. ఓడల్లో వచ్చిన బియ్యం మద్రాసు ఒడ్డున గుట్టలు పడి, రైళ్ల మీద లోపలికి వెళ్లింది. రైలు లేకపోతే ఆ ధాన్యం చేరేదే కాదు. మరోవైపు, ఎక్కడ ధర ఎక్కువ పలికితే అక్కడికి ధాన్యాన్ని లాక్కుపోయే వీలునూ రైలే వర్తకులకు ఇచ్చింది. ధాన్యం వచ్చినా కొనడానికి కూలివాడి చేతిలో కాసు లేదు. బండి నిండా బియ్యం ఊరి పక్కనుంచి వెళ్తుంటే జనం ఆకలితో చనిపోవడం ఆ కరవులో జరిగిన దారుణం. రైలు వస్తే కరవు పోతుందన్న మాట అక్కడ కూలిపోయింది. బకింగ్‌హాం కాలువలో నగరం లోపలి ముక్క, కూవం నది నుంచి అడయారు నది దాకా, ఆ కరవు పనుల్లోనే తవ్వారు. కాలువకు ఆ పేరు కూడా అప్పటి గవర్నరుదే.

స్టేషన్ చేతి నుంచి రైళ్లు ఎలా జారాయి

రాయపురం వెలుగు తగ్గడం ఒక్క దెబ్బతో జరగలేదు. నగరం పడమరకూ దక్షిణానికీ పెరిగింది. దొరల తోటలు నుంగంబాకం, ఎగ్మూరు వైపు ఉన్నాయి. వారికి రాయపురం దూరం, మధ్యలో ఇరుకైన వర్తకుల వీధులు. 1873లో పార్క్ టౌన్‌లో రెండో టెర్మినస్ తెరిచారు. అదే నేటి సెంట్రల్. మొదట్లో అది రాయపురానికి సాయంగా వచ్చినదే. కాలక్రమంలో తలకిందులైంది. 1907లో పట్టాలను రాయపురం దాటించి దక్షిణంగా బీచ్ వైపు పొడిగించారు. దాంతో రాయపురం రైళ్లు ముగిసే చోటు కాకుండా పోయి, దారిలో ఒక స్టేషన్‌గా మిగిలింది. ప్రధాన రైళ్లన్నీ సెంట్రల్‌కు మారాయి. ఆ తర్వాత మద్రాసు రైల్వే కంపెనీయే లేకుండా పోయి, దాని లైన్లు మద్రాస్ అండ్ సదరన్ మరాఠా రైల్వే చేతికి వచ్చాయి. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం కొంతకాలం రాయపురంలో నడిచింది. 1922లో అదీ సెంట్రల్ పక్కన కట్టిన కొత్త భవనానికి వెళ్లిపోయింది.

నేను మొదట అడిగిన ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. బొంబాయిలో, హౌరాలో పాత స్టేషన్లు అదే చోట జనంతో కిటకిటలాడి, సరిపోక, వాటిని తీసేసి కొత్తవి కట్టారు. రాయపురంలో ఆ అవసరమే రాలేదు. రద్దీ వేరే చోటికి పోయింది కనుక దాన్ని పడగొట్టి పెద్దది కట్టాలని ఎవరికీ అనిపించలేదు. పనిలేక ఊరుకున్నందువల్లే బతికింది. ఓడిపోయిన స్టేషన్ కాబట్టే మిగిలింది.

ఇసుక లెక్క

ఇక సముద్రం సంగతి. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తి కలిగించే భాగం ఇదే, ఎందుకంటే దీని ఫలితాన్ని రాయపురం వాసులు ఈ రోజుకూ అనుభవిస్తున్నారు.

రేవు లేని చోట 1861లో ఇనుప స్తంభాల మీద సముద్రంలోకి ఒక వంతెనలాంటి పియర్ కట్టారు. తుపాన్లు, ఓడలు ఢీకొనడం దాన్ని మళ్లీ మళ్లీ దెబ్బతీశాయి. 1870ల మధ్యలో అలలను అడ్డుకునే రెండు రాతి గోడలతో నిజమైన రేవు కట్టడం మొదలుపెట్టారు. పని దాదాపు ఒక కొలిక్కి వస్తుండగా 1881 నవంబరు తుపాను గోడలను చీల్చేసింది. మళ్లీ కట్టారు. ద్వారం తూర్పు ముఖంగా ఉండటంతో అలలు నేరుగా లోపలికి వచ్చేవి. పోర్టు ట్రస్టు అధ్యక్షుడు ఫ్రాన్సిస్ స్ప్రింగ్ ఇరవయ్యో శతాబ్దపు తొలి దశాబ్దాల్లో ఆ ద్వారాన్ని మూసి ఈశాన్యం వైపు కొత్తది తెరిచారు. మద్రాసు అప్పుడు రేవుపట్నం అనిపించుకుంది.

కాని కోరమండల్ తీరంలో ఇసుక ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది. నైరుతి ఋతుపవనాల నెలల్లో అలలు దక్షిణం నుంచి ఏటవాలుగా వచ్చి ఇసుకను ఉత్తరానికి తోస్తాయి. ఈశాన్య ఋతుపవనాల్లో కొంత వెనక్కి వస్తుంది. ఏడాది మొత్తంమీద చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ నడకకు అడ్డంగా సముద్రంలోకి గోడ కడితే ఏమవుతుంది? గోడకు దక్షిణాన ఇసుక ఆగిపోయి పేరుకుంటుంది. ఉత్తరాన అలలు ఉన్న ఇసుకను తీసుకుపోతూనే ఉంటాయి, బదులు ఇసుక మాత్రం రాదు. అలా దక్షిణాన ఒడ్డు వెడల్పయింది. అక్కడే 1884లో గవర్నర్ గ్రాంట్ డఫ్ షికారు బాట వేయించి మెరీనా అని పేరు పెట్టారు. ప్రపంచమంతా మెచ్చే ఆ ఇసుక మైదానం చాలా మట్టుకు ఉత్తరపు ఒడ్డుకు చేరవలసిన ఇసుకే.

ఉత్తరాన రాయపురం, కాశిమేడు, తండయార్‌పేట, తిరువొత్తియూరు ఒడ్డులు కోసుకుపోయాయి. బెస్తవారు వలలు ఆరబెట్టుకున్న ఇసుక పోయింది, ఇళ్లు పోయాయి, రోడ్డుకు ముప్పు వచ్చింది. ఇప్పుడు ఆ తీరం పొడవునా నల్లటి బండరాళ్లు పోసి ఉంటాయి. మెరీనాకు వచ్చే కుటుంబం ఇసుకలో బఠాణీలు తింటూ కూర్చుంటుంది. కాశిమేడు పిల్లలు బండరాళ్ల మీద ఆడుకుంటారు. ఒక నగరానికి రేవు వల్ల వచ్చిన లాభం ఒక వైపుకూ, నష్టం మరో వైపుకూ పంచిపెట్టినట్లయింది. ఉత్తర చెన్నైవారు మాకు అన్యాయం జరిగిందని అంటే, అది ఉత్త మాట కాదు. దానికి భౌతిక శాస్త్రం సాక్ష్యం చెబుతుంది.

అదే రేవు రాయపురం స్టేషన్‌కు మరో బతుకుదెరువునూ ఇచ్చింది. మనుషుల రైళ్లు పోయినా సరుకు మిగిలింది. ఇవాళ స్టేషన్ చుట్టూ కంటైనర్ లారీలు బారులు తీరి ఉంటాయి. తెల్లవారుజామున కాశిమేడు నుంచి చేపల బుట్టలు తీసుకుని వచ్చే ఆటోలు వాటి సందుల్లోంచి దారి చేసుకుంటాయి. నాలుగడుగులు వేస్తే సూర్యనారాయణ శెట్టి వీధి, కల్‌మండపం, ఇంకాస్త ముందుకు పార్సీల అగ్ని దేవాలయం. పడమరగా పాత వాషర్‌మన్‌పేట వైపు వెళ్తే త్యాగరాయ కళాశాల, పెళ్లి చీరల కోసం నెల్లూరు, తిరుపతి నుంచి కూడా తెలుగువాళ్లు వచ్చే ఎం.సి. రోడ్డు. ఆ దుకాణాల్లో బేరం తెలుగులో సాగుతుంది. అమ్మేవారిలో సగం మందికి ఈ స్టేషన్ వయసు తెలియకపోవచ్చు కాని, వారి తాతలు ఊళ్ల నుంచి వచ్చి ఈ పేటల్లో స్థిరపడటంలో రైలుకూ కాలువకూ పెద్ద చేయి ఉంది.

నాలుగో టెర్మినల్ వివాదం

సెంట్రల్, ఎగ్మూరు, తాంబరం మీద ఒత్తిడి పెరిగిపోవడంతో నాలుగో టెర్మినల్ కావాలన్న మాట చాలా ఏళ్లుగా నలుగుతోంది. రాయపురాన్నే టెర్మినల్ చేయాలని ఉత్తర చెన్నై ప్రయాణికుల సంఘాలు ఎప్పటి నుంచో కోరుతున్నాయి. స్టేషన్ చుట్టూ రైల్వే భూమి విస్తారంగా ఉంది. ఉత్తర, పడమర మార్గాలు రెండూ దగ్గర. ఆంధ్ర, తెలంగాణ వైపు వెళ్లే రైళ్లు ఇక్కడి నుంచి బయలుదేరితే ఈ పేటల వారు మూటలు మోసుకుని సెంట్రల్‌కు పోనక్కర్లేదు. ఎదురు వాదన కూడా బలహీనమైనదేమీ కాదు. స్టేషన్‌కు చేరే రోడ్లు ఇరుకు, వాటి మీద కంటైనర్ లారీలు. 2021లో ఉత్తరానికి పొడిగించిన మెట్రో వాషర్‌మన్‌పేట, త్యాగరాయ కళాశాల, తండయార్‌పేట మీదుగా వెళ్తుంది, రాయపురం స్టేషన్ గుమ్మాన్ని తాకదు. రేవు సరకు రవాణాకు ఆ జాగా అవసరం. ఇటీవలి కాలంలో రైల్వే ఆలోచన పెరంబూరు వైపు మళ్లింది.

నా అభిప్రాయం చెబుతాను. టెర్మినల్ వస్తే రాయపురానికి న్యాయం, రాకపోతే అన్యాయం అని ఒకే ప్రశ్నగా చూడటం వల్ల భవనం సంగతి మరుగునపడుతోంది. 2005లో మరమ్మతులు చేసి, రంగులు వేసి మళ్లీ తెరిచారు. మంచి పని. కాని ఈ భవనంలో ఏం జరిగిందో చెప్పే ఏర్పాటు లోపల ఏదైనా ఉండాలి కదా. రెడ్ హిల్స్ పట్టాలు, 1856 నాటి మార్గపటం, మసూలా పడవ నమూనా, బకింగ్‌హాం కాలువ పడవల లెక్క, కరవు నాటి ధాన్యం రైళ్లు, రేవు గోడకు రెండు వైపులా ఒడ్డు ఎలా మారిందో చూపే పటాలు ఒక్క హాలులో పెట్టవచ్చు. తమిళంతో పాటు తెలుగులోనూ రాయాలి, ఎందుకంటే ఈ పట్టాల చరిత్రలో సగం తెలుగు జిల్లాలదే. టెర్మినల్ ఎక్కడ వచ్చినా ఈ పనికి అడ్డం లేదు. కొత్త ప్లాట్‌ఫారాలు కావాలన్నా, పాత భవనాన్ని ముట్టుకోకుండా దాని వెనుక జాగాలో కట్టవచ్చు.

మనలో చాలామంది ఈ స్టేషన్‌ను తెలియకుండానే దాటుతుంటాం. తాంబరం నుంచి ఎగ్మూరు మీదుగా హైదరాబాదు వెళ్లే చార్మినార్ ఎక్స్‌ప్రెస్ బీచ్ స్టేషన్ తర్వాత రాయపురం పట్టాల మీదుగానే ఉత్తరానికి తిరుగుతుంది. ఆంధ్ర వైపు వచ్చే ఎన్నో రైళ్లను లాగే డబ్ల్యూఏపీ-7 రకం కరెంటు ఇంజన్ల పక్కన చూస్తే రాయపురం షెడ్డు పేరు రాసి ఉంటుంది. స్టేషన్‌ను తీరిగ్గా చూడాలనుకుంటే బీచ్ స్టేషన్‌లో ఆవడి, తిరువళ్లూరు లేదా గుమ్మిడిపూండి వైపు వెళ్లే లోకల్ ఎక్కండి. తర్వాతి స్టేషనే రాయపురం. ఆదివారం ఉదయం వెళ్తే లారీల రద్దీ కాస్త తక్కువగా ఉంటుంది. ప్లాట్‌ఫారం మీదే ఆగిపోకుండా బయటికి వచ్చి, రోడ్డు వైపు నుంచి స్తంభాలున్న పాత భవనాన్ని చూడండి.